ముగ్గులో పారిన వాగు

మొన్న మా చిన్నమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఆఫ్రికాలో ఏదో కరువు పల్లె, ఆడవాళ్ళంతా ఇసుకలో పుల్లలతో తమ ఊరి పటం గీస్తున్నారు, ఎండిన బావి ఉన్నచోట ఒకావిడ వట్టి సున్నా చుట్టి వదిలేసింది. భలేగా ఉంది కదా నాన్నా అంటుంది, నాకేమో ఒళ్ళు మండుకొచ్చింది. ఎందుకన్నది ఆ రోజుల్లో జీపుల్లో ఊళ్ళు తిరిగి ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళకే చెప్పుకోవాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంటూరులో, కరువు ప్రాంతాల మీద పరిశోధన చేసే ఒక ప్రాజెక్టులో పనిచేసేవాణ్ణి. మా పెద్దసారు ఆఫ్రికా మెట్టభూముల్లో ఏళ్ళ తరబడి తిరిగొచ్చినాయన. బీదవాళ్ళ మాటల్ని చదువుకున్నవాళ్ళు దిద్ది ఎలా పాడుచేస్తారో అక్కడ కళ్ళారా చూశారట, అందుకని ఊరివాళ్ళు గీసిందే వేదం, మనం వేలు పెట్టకూడదని ఆయన పట్టుదల. ఆ ఏడు నీళ్ళ కటకట ఎక్కువున్న ఒక ఊరికి చెక్‌డ్యాం కట్టించే అవకాశం వచ్చింది. దర్శి వైపున్న మా మేనత్త ఊరికంటే అర్హత దేనికుంటుంది? మాఘమాసం దాటితే అక్కడ వాగు ఎండిపోయి, కాయ మీదున్న మిరపచేలకు తడి ఉండదు సరికదా, తాగడానికి బిందెడు నీళ్ళకు పక్క ఊరిదాకా నడవాలి.

మేం వెళ్ళింది వానల్లో, వాగులో కాస్త నీళ్ళున్నాయి. ఎండాకాలంలో మీ ఊరెలా ఉంటుందో గీసి చూపించమని సారు అడిగారు. ఆ పటాన్ని చూసే చెక్‌డ్యాం ఏ ఊరికో తేలుతుంది. ఇసుకా పుల్లలూ మనవాళ్ళకు ఆనుతాయా! కళ్ళాపి చల్లి, ముగ్గూ రంగులూ తెచ్చి, మా అత్త ముందుండి ఊరిని అచ్చు గుద్దినట్టు దించింది. అంతవరకు బాగానే ఉంది, ఆ తరువాత వాగు పొడుగునా నీలం రంగు నింపేసింది. ఎండాకాలంలో ఆ నీళ్ళెక్కడివత్తా అని నేను గొణిగితే, "ఊరుకోరా! పదూళ్ళు తిరిగేవాళ్ళ ముందు మా ఊళ్ళో నీళ్ళు లేవని చాటుకోమంటావా? ఇప్పటికే మావాడికి పిల్లనిచ్చేవాడు లేడు" అని కసిరింది. పరిగెత్తి సారుతో ఇదంతా అబద్ధమండీ అంటే, ఊరి మాటను నువ్వు దిద్దకూడదయ్యా అని నవ్వారు. నెత్తీ నోరూ బాదుకున్నాను. అటు అత్త వినదు, ఇటు సారు వినరు. చెక్‌డ్యాం ఇంకో ఊరికి పోయింది.

మరుసటేడు మా బావ పెళ్ళయితే అయింది, వచ్చిన పిల్ల వేసవిలో నీళ్ళు మోయలేక పుట్టింటికి వెళ్ళిపోయి, వానలు పడ్డాకగాని తిరిగి రాలేదు. అత్త నన్నే తిట్టింది, ఆ ఉద్యోగంలో ఉండి కూడా సొంత మేనత్తకు ఒక చెక్‌డ్యాం ఇప్పించలేకపోయావని!

ఇప్పుడు అత్తా లేదు, ఆ ప్రాజెక్టూ లేదు. ఆకాశంలోంచి తీసిన ఫోటోల్లో ఆ వాగు ఎక్కడ ఎండిందో, ఎన్నాళ్ళకు ఎండిందో ఇట్టే తెలిసిపోతుందట, దాచడం ఎవరి తరమూ కాదు. కానీ ఆనాడు అబద్ధం చెప్పడానికైనా, మా మధ్య నేలమీద గొంతుక్కూర్చుని వినే మనిషి ఒకరుండేవారు. ఇవాళ ఆ ఊరు నిజమే చెబుదామనుకున్నా, వచ్చి అడిగేవాళ్ళు లేరు.