అంబదాస్ హాజర్ లేడు

మా టౌన్ కోర్టులో పద్దెనిమిదేళ్లుగా పేర్లు పిలిచే పని అంబదాస్‌ది. కాయితాల మీద ఆయన ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది గానీ, జనం నోట్లో మాత్రం కోర్టు బంట్రోతే. పిలుపు మూడుసార్లు. మొదటిది వరండాకు, రెండోది చాయ్ హోటల్‌కు, మూడోది బస్టాండుకు అని మేం నవ్వుకునేవాళ్లం. నిజాం కాలం నాటి పద్ధతిలో “ఫలానా హాజర్ హై?” అని ఆయన మూడోసారి గొంతెత్తితే, కరీంనగర్ బస్సు ఎక్కబోతున్నవాడు కూడా కాలు వెనక్కి తీసేవాడు. అప్పటికీ ఎవరూ పలక్కపోతే లోపలికి పోయి, “పిలుపులైనయ్ మేడం, పార్టీ హాజర్ లేడు” అని చెప్పాలి. ఆ ఒక్క మాట మీద దావా కొట్టేసే అధికారం జడ్జికి ఉంటుంది. కాబట్టి అది చిన్న ఉద్యోగమేమీ కాదు.

నేను ఆ వరండా పక్కనే రేకుల షెడ్డులో దరఖాస్తులు టైపు చేస్తాను. పేరు రాజేశం. నోరు కొంచెం పెద్దదని అంటారు, కాదనను. అంబదాస్ విషయంలో నా నోటి దురద కూడా కొంత ఉంది కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

అంబదాస్ ఇల్లు జైనూర్ పోయే రోడ్డు మీద. రెండు గదులు. ముందు గదిలో ఆయన భార్య అనసూర్య జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. దవాఖానకొచ్చిన వాళ్లు, కొండల మీది ఊళ్ల వాళ్లు అందరూ అక్కడే తింటారు. పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున ఆమె తలుపు తీసేసరికి గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ మార్కు కనిపించింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. తొమ్మిది అడుగులు పోతాయట. ఒక నోటీసు లేదు, ఒక మాట లేదు. తొమ్మిది అడుగులంటే ఆ గది మొత్తం.

“గీ గది పోతే నా పొయ్యి యాడ పెట్టాలె?” అని అనసూర్య మొగుణ్ని నిలదీసింది.

“ఎందుకు పరేషాన్ అయితవ్? కోర్టే మనది” అన్నాడు అంబదాస్. ఆ మాట ఆయనకు నేర్పింది నేనే. చాయ్ హోటల్‌లో పదిమంది ముందు, “మేడం రోజూ నీ చేతి చాయ్ తాగుతది. నీకు స్టే రాకపోతే ఇంకెవనికొస్తది?” అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేడం అంటే మా చిన్న కోర్టు జడ్జి. మూడేళ్ల కింద వచ్చింది. మాట తక్కువ, రాత ఎక్కువ. అంబదాస్ చాయ్ పట్టుకొని ఆమె గదిలోకి పోయి, “మేడం, జర నా ఇంటి సంగతి...” అని మొదలుపెట్టాడట. ఆమె కలం కింద పెట్టింది.

“అంబదాస్, ఏం చెప్పుకోవాల్నన్నా వకీలుతోటి కోర్టు హాల్ల చెప్పించు. అవతలోళ్లు లేనప్పుడు ఈ గదిల నేను వినొద్దు.”

ఆయన దాన్ని కూడా మంచి సంకేతమే అనుకున్నాడు. వకీలు నిరంజన్ దావా రాశాడు, నేను టైపు చేశాను. సోమవారం లిస్టులో పడింది.

ఆ సోమవారం అంబదాస్ ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలేసుకొని, భుజానికి ఎర్ర పట్టీ తగిలించుకొని వచ్చాడు. పొద్దుటి నుంచి ఏడు కేసులు పిలిచాడు. ఎనిమిదోది బెంచి గుమాస్తా చదివాడు. అంబదాస్ అలవాటుగా వరండాలోకి వచ్చి, గొంతు సవరించుకొని, “అంబదాస్, తండ్రి పోశం, హాజర్ హై?” అని అరిచాడు. నేను టైపు ఆపాను. మళ్లీ పిలిచాడు. మూడోసారి బస్టాండు దాకా పిలిచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. లోపలికి పోయి చేతులు కట్టుకొని చెప్పాడు.

“పిలుపులైనయ్ మేడం. పార్టీ హాజర్ లేడు.”

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. వకీళ్లు బల్లలు చరిచి నవ్వారు. నిరంజన్ తల పట్టుకున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి పడీ పడీ నవ్వాను. మేడం ఒక్కతే నవ్వలేదు.

“పార్టీ హాజర్ ఉన్నడు. ఈ కేసుకు హాజర్ కాలేనిది నేను” అన్నది.

నవ్వు ఆగిపోయింది. తన దగ్గర పని చేసే మనిషి దావా తాను వినకూడదని, దాన్ని వేరే కోర్టుకు మార్చమని ఆసిఫాబాద్‌లో జిల్లా జడ్జి గారికి ఇప్పుడే రాస్తున్నానని చెప్పింది. అంతవరకు స్టే ఇమ్మని నిరంజన్ అడిగాడు. విననప్పుడు ఇవ్వడం ఎట్లా అన్నది. ఇంకో మాట కూడా చెప్పింది. దావా తేలేదాకా అంబదాస్ పిలుపులు పిలవొద్దు, రికార్డు రూములో పని చేయాలి.

అంబదాస్ ఎర్ర పట్టీ తీసి గుమాస్తా బల్ల మీద పెట్టాడు. నాకు నవ్వినందుకు సిగ్గేసింది, మేడం మీద ఒళ్లు మండింది. మూడేళ్లు చాయ్ తాగిన మనిషికి ఆమాత్రం కనికరం ఉండొద్దా?

ఫైలు పోయి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ జేసీబీ అదే రోడ్డు మీద ఒక్కో ఇంటి ముందు అరుగు పెకిలిస్తూ వస్తోంది. అనసూర్య పొయ్యి ముట్టించడం, వీధిలోకి తొంగి చూడడం. అంబదాస్ పాత ఫైళ్ల దుమ్ములో కూర్చునేవాడు. ఆయన బదులు పిలిచే మనిషి గొంతు గడప కూడా దాటేది కాదు.

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు గదా సారూ. గిక్కడ పూజారిని నేనే. దేవుడే ఇస్తలేడు” అన్నాడు నాతో. నవ్వుతూ అనలేదు.

అయిదో రోజు, జిల్లా జడ్జి గారు మార్చిన ప్రకారం, మా టౌన్‌లోనే ఉన్న పెద్ద కోర్టులో దావా విచారణకు వచ్చింది. అప్పటికి జేసీబీ వాళ్లింటికి రెండిళ్ల అవతల ఉంది. రోడ్డు ఆఫీసు తరఫు వకీలు లేచీ లేవగానే, “వాది కోర్టు ఉద్యోగి. లోపల పలుకుబడితో దావా వేసిండు” అన్నాడు. జడ్జి గారు అద్దాలు సవరించుకొని ఫైలు తిప్పారు.

“పలుకుబడి ఉంటే ఫైలు నా దగ్గరికెందుకొస్తది? ఆయన పనిచేసే కోర్టు జడ్జి మొదటి రోజే పక్కకు తప్పుకున్నరు. ఆ మాట వదిలేయండి. నోటీసు ఇచ్చిన్రా, ఇయ్యలేదా? అది చెప్పండి.”

నోటీసు ఇవ్వలేదని వకీలు ఒప్పుకున్నాడు. మేడం ఆ రోజు కనికరించి స్టే ఇచ్చి ఉంటే, పలుకుబడి అన్న ఆ ఒక్క మాటతోనే అది కూలిపోయేది. అది నా మట్టిబుర్రకు అప్పుడెక్కింది.

అంబదాస్ ఉండబట్టలేక నిరంజన్ వెనక నుంచే చేతులు జోడించాడు. “అయ్యా, రోడ్డు జర అవతలి దిక్కు జరుపుమని చెప్పున్రి. అటు ఖాళీ జాగనే.”

“రోడ్డు ఎటు పోవాల్నో చెప్పుడు నా పని కాదు. అది వాళ్ల పని. నిన్ను అడగకుండ నీ గోడ ముట్టొద్దనేదే నా పని” అన్నారు ఆయన.

నోటీసు ఇచ్చి, ఇంటివాళ్లు చెప్పేది విన్నాకే ఏదైనా చేయాలని ఉత్తర్వు వచ్చింది. రోడ్డు ఆఫీసు వాళ్లు నోటీసు ఇచ్చారు, పిలిచారు, విన్నారు, టేపు పట్టి మళ్లీ కొలిచారు. తొమ్మిది అడుగులు కాస్తా నాలుగయ్యాయి. ఆ నాలుగు అడుగులూ పోయాయి. అనసూర్య గోడ కూలుతుంటే ఏడ్చింది, మర్నాడు పొయ్యిని లోపలికి జరిపి రొట్టెలు కాల్చింది. గది ఇరుకైంది, కానీ గది ఉంది.

దావా ముగిశాక అంబదాస్‌ను మేడం మళ్లీ పిలుపులకు వేసుకుంది. ఆ పొద్దున ఆయన పట్టీ తగిలించుకొని వరండాలోకి వస్తే మేమంతా లేచి నిలబడ్డాం. మొదటి కేసు జైనూర్ దిక్కు నుంచి వచ్చిన చంద్రవ్వ అనే ముసలామెది. భూమి తగాదా.

“చంద్రవ్వ హాజర్ హై?” మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఇక లోపలికి పోయి ఆ మాట చెప్పాలి. ఆయన గడప మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

“మూడైనయ్ గదా, పో” అన్నాను.

“నేను ఉండంగనే లేనని చెప్పిన సారూ. ఆమె యాడనో ఉండే ఉంటది” అని మెట్లు దిగి ఉరికాడు.

చంద్రవ్వ నల్లా దగ్గర కూర్చొని సద్ది మూట విప్పుతోంది. చెవులు సరిగా వినపడవు. అంబదాస్ మూట తాను పట్టుకొని, ఆమె చెయ్యి పట్టుకొని హాలులోకి తీసుకొచ్చాడు.

“పార్టీ హాజర్ ఉన్నది మేడం.”

మేడం ముసలామెను చూసింది, అంబదాస్‌ను చూసింది. ఆమె కళ్లల్లో నవ్వు కనిపించింది. ఇప్పుడైనా నా మిత్రుణ్ని మెచ్చుకుంటుందని నేను కిటికీ దగ్గర ఎదురుచూశాను.

“మంచిది” అన్నది. “అవతలోళ్లు గూడ రాలే. వాళ్లనూ గట్లనే పోయి చూడు.”