సైరన్‌కీ పేలుడుకీ మధ్య

సొలొమోను మాస్టారికి గడియారం చూడకుండానే ఒంటిగంట తెలిసిపోతుంది. జగ్గయ్యపేట శివారు బడిలో ఆయన సైన్సు పాఠం ఎంత జోరుగా సాగుతున్నా, ఆ వేళకి గొంతు సన్నగిల్లుతుంది. సుద్దముక్క జేబులో వేసుకుంటారు, బీరువాకి గడియ పెడతారు, గోడకి వీపు ఆనిస్తారు. ఒంటిగంటకి సున్నపురాయి క్వారీలో సైరన్ మోగుతుంది. ఐదు నిమిషాలకి పేలుడు. చిన్నప్పుడు అలాంటి పేలుడుకే ఒక రాయి ఎగిరొచ్చి, ఇంటి రేకు చీల్చుకుని, చెల్లెలి ఉయ్యాల పక్కన పడింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆవేళ పాఠం గగారిన్ గురించి, మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్ళడం గురించి. సైరన్ మోగింది. ముందు బెంచీలోని జాయిస్ లేచి, "రాకెట్‌లో కూర్చున్నప్పుడు ఆయనకి భయం వెయ్యలేదా సార్?" అని అడిగింది. "వీరుడికి భయమేంటమ్మా" అని ఏటా చెప్పే జవాబు ఈసారి ఆయన చెప్పలేదు.

"అంతకుముందు ఆయన నాడి నిమిషానికి అరవై నాలుగంట. రాకెట్ లేచేటప్పటికి నూట యాభై ఏడు," అన్నారు.

జాయిస్ ఆయన్నే చూసింది. దగ్గరకొచ్చి, మొన్న మాస్టారే నేర్పినట్టు ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"నూట నలభై సార్," అంది, ఆయనకి మాత్రమే వినపడేటట్టు.

పేలుడుకి కిటికీ రెక్కలు దడదడలాడాయి. జాయిస్ చెయ్యి వదల్లేదు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"దిగుతోంది సార్. ఉండండి."