ఏ తిమింగలమో చెప్పలేకపోయిన రోజు

తిమింగలాన్ని చూడటానికి సముద్రమే లేని తిరువూరు వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. రత్నకుమారి గారు ఫోన్ చేసి పిలిచారు కాబట్టి బయల్దేరాను. ఆవిడ రిటైరైన టీచరు. వాళ్ల నాన్న ఎప్పుడో బందరు తీరం నుంచి లారీలో తెచ్చిన పెద్ద ఎముకను వాళ్ల చర్చి ముందు నిలబెట్టారు. క్రిస్మస్ నక్షత్రం దానికే కడతారట. ఇప్పుడు కొత్త చర్చి కడుతున్నారు. ఆ ఎముక నిజంగా తిమింగలానిదని తేలకపోతే పారేద్దామని సంఘపెద్దలు అన్నారు. జువాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి కదా, ఐదు నిమిషాల పని అనుకున్నాను.

పొద్దున్నే విజయవాడలో బస్సెక్కితే మైలవరం, ఎ.కొండూరు మీదుగా తిరువూరుకు రెండు గంటల పైనే పట్టింది. అక్కడి నుంచి వినగడప వైపు ఆటో రెండొందలకు బేరం కుదిరింది.

"ఎముక చర్చికా సార్? అది ఏనుగు దంతం అంటారండి. మా మామయ్యేమో మొసలిదంటాడు," అన్నాడు డ్రైవరు.

ఎముకను చూడగానే నాకు దిక్కు తోచలేదు. ఏటా క్రిస్మస్‌కి గోడలతో పాటు దానికీ రంగు వేస్తారు. లారీలో పట్టలేదని ముందు కొన కోసేశారు. వెనక కొన సిమెంటు దిమ్మలో ఉంది. బ్లేడుతో రంగు గీకి చూస్తే పళ్ల గుంటలు లేవు. కోసిన చోట స్పాంజిలా రంధ్రాలున్నాయి. సంఘపెద్ద డేవిడ్ గారు వేలు పెట్టి చూసి, "దంతం కాదులెండి," అని ఒప్పుకున్నారు.

"ఇది పళ్లు లేని తిమింగలం కింది దవడండి. పై దవడకు వేలాడే దువ్వెనల్లాంటి పలకలతో నీళ్లు వడకట్టి చిన్న రొయ్యల్నీ చేపల్నీ తింటుంది," అన్నాను.

"ఏ తిమింగలమండీ? పేరు చెప్తే రాతిపలక మీద చెక్కిద్దాం," అన్నారు డేవిడ్ గారు.

అక్కడే ఇరుక్కుపోయాను. నీలి తిమింగలమైతే దవడ బాగా వంగి, వెనక పైకి లేచే భాగం పొట్టిగా ఉంటుంది. బ్రైడ్స్ తిమింగలమైతే దవడ చిన్నది, ఆ భాగం ఎత్తు. పొడవు కొలుద్దామంటే కొన లేదు, ఆ భాగం చూద్దామంటే సిమెంటులో ఉంది. వంపు చూస్తే నీలిది అనిపిస్తుంది, లావు చూస్తే కాదనిపిస్తుంది. చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ మొదటికొచ్చాను.

"తెలియడం లేదండి," అన్నాను.

"పేరే తెలియనప్పుడు తిమింగలమని మాత్రం ఎలా చెప్తున్నారు?" డేవిడ్ గారి ముఖం మారింది.

రత్నకుమారి గారు గునపం తెచ్చి నా ముందు పెట్టారు. "దిమ్మ పగలగొట్టి చూడండి సార్. ఎముక ముక్కలైతే అవనివ్వండి. మా నాన్న అబద్ధం చెప్పలేదని తేలితే చాలు."

నాకు చెయ్యి రాలేదు. "తిమింగలమే. ఏ రకమో మాత్రం తెలియదు. అలాగే చెక్కించండి," అన్నాను.

డేవిడ్ గారు గునపం తీసి పక్కన పెట్టారు. తర్వాత ఆవిడతో అన్నారు: "మీ నాన్నా ఇంతే చెప్పాడమ్మా. తిమింగలమన్నాడు గానీ పేరు తెలుసనలేదు. దిమ్మతోనే లేపి కొత్త చర్చికి తీసుకెళ్దాం."

తిరుగు బస్సులోనూ తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ అంతే. సిగ్గుగానే ఉంది గానీ, గునపం ఎత్తనందుకు మనసు తేలిగ్గా ఉంది. మీరూ వెళ్తే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లండి, మిగతా రోజుల్లో గేటు వేసి ఉంటుంది. అది ఏ తిమింగలమో తేల్చగలిగితే నాకు తర్వాత చెప్పొచ్చు, ముందు రత్నకుమారి గారికి చెప్పండి.