మామగారి లంకెబిందెలు

మొన్న మా వీధిలో నీళ్ళ పైపు కోసం తవ్వుతుంటే, కూలీల్లో ఒక పెద్దాయన గడ్డపార ఆపి మా ఇంటివైపు చూశాడు. "అమ్మా, లంకెబిందెలు దొరికిన ఇల్లు ఇదే గదా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన నేయించిన జంపఖానాలు ఎవరెవరి ఇళ్ళలోనో చిరిగి మూలపడ్డాయి. ఆ పుకారు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

నేను వరంగల్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్భైలలో. అప్పటికే మామగారు బాగా ఎదిగారు. మొదట్లో ఆయనకున్నది ఒకే ఒక గుంటమగ్గం, అంటే ఇంట్లో గొయ్యి తవ్వి, కాళ్ళు అందులోకి దించి కూర్చుని నేసేది. వానాకాలంలో గోతిలో నీరూరితే తోడిపోసి మళ్ళీ కూర్చునేవారట. నూలుకు రంగు ఆయనే అద్దేవారు, మూటలు నెత్తిన పెట్టుకుని రైలెక్కి డోర్నకల్ దాకా, అవసరమైతే ఇంకా అవతలికి పోయి ఆయనే అమ్మేవారు. అలా అలా ఇంటి పక్క కొట్టం షెడ్డయింది, షెడ్డు నిండా మగ్గాలయ్యాయి. కానీ మాది కోట ఉన్న ఊరు. ఇక్కడ ఎవరు కాస్త బాగుపడ్డా, రాజులు పాతిపెట్టిన బిందెలు దొరికాయనే అంటారు. పైగా మామగారు ఇంట్లో గొయ్యి తవ్విన మాట నిజం. ఇంకేం కావాలి! బిందెలంటే అదృష్టం కాబట్టి ఎవరికీ చిన్నతనం లేదు. కష్టపడి సంపాదించాడంటే మాత్రం పక్కింటివాడు తన చేతులవైపు చూసుకోవాలి. అదెవరికి ఇష్టం?

ఎనభైలలో కులసంఘానికి కొత్త పెద్దను ఎన్నుకునేటప్పుడు మామగారి పేరు వచ్చింది. ఆయనకా గౌరవం మీద ఎంత ఆశో ఇంట్లో అందరికీ తెలుసు, ముందుగానే ధోవతి ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. పెద్దమనుషులు మా వాకిట్లో కూర్చుని చాయ్ తాగి, అసలు షరతు అప్పుడు బయటపెట్టారు. వరసకు బావ అయ్యే ముసలాయన గొంతు తగ్గించి, "బావా, దొరికిన సొమ్ముల దేవుని వాటా దేవునికియ్యాలె. గుడికి ఇంత ముట్టజెప్పు, ఇగ ఎవ్వలేమనరు" అన్నాడు.

మామగారు దిగ్గున లేచారు. "గుడికి ఇయ్యమంటె ఇస్త. దొరికిందని ఒప్పుకొని మాత్రం ఇయ్య. పాపం జేస్తె గదా కడుక్కునేది? ఇది నా రెక్కల కష్టం!" అంటూ గడ్డపార తెచ్చి, పాత మగ్గం గొయ్యి తవ్వి చూసుకొమ్మని వాళ్ళ ముందు పడేశారు. ఇద్దరు మొహమాటం లేకుండా తవ్వారు కూడా. మట్టి తప్ప ఏమీ రాలేదు. "ఇంకో జాగల దాచి ఉంటడు" అని ఒకాయన గొణిగాడు.

అప్పుడు మా అత్తమ్మ, నూలు కండెలు చుడుతున్న రాట్నం ఆపి వాకిట్లోకి వచ్చింది. మగవాళ్ళ మాటల మధ్యకు ఎన్నడూ రాని మనిషి. వచ్చి నేరుగా మామగారినే అడిగింది. "బిందెలు దొరకలే, నిజమే. గని నీ రెండు రెక్కలతోనే గింత షెడ్డు లేసిందా? నేను చుట్టిన కండెలేమాయె? లోపట నేసేటోళ్ళకు రెక్కలు లేవా?"

మామగారు మండిపడతారని నేను భయపడ్డాను. ఆయన పెద్దమనుషులను వాకిట్లోనే వదిలి షెడ్డులోకి నడిచి, ఒక్కో మగ్గం దగ్గరా ఆగి నేసేవాళ్ళ చేతులు చూశారు. ఆయనంటే నాకు భయం పోయి గౌరవం పుట్టింది అప్పుడే.

షరతు ఒప్పుకోలేదు కాబట్టి పెద్దరికం వేరేవాళ్ళకు పోయింది. మామగారు మాత్రం కూలి పెంచారు, ఏటా షెడ్డులో ఒక నేతగాడికి మగ్గమూ నూలూ ఇచ్చి సొంతంగా నేసుకోమని పంపడం మొదలుపెట్టారు. "ఇంత దానమా సేటూ?" అని మొదటివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "దానమేంది, నీ వాటా. పో, నాకంటె ఎక్కువ సంపాదించు" అని కసిరారు. బిందెల సొమ్ము కాబట్టే పారబోస్తున్నాడని ఊరు మళ్ళీ నవ్వింది.

చివరిదాకా ఆయన ధనవంతుడే. అందుకు ఎన్నడూ సిగ్గుపడలేదు, నేనూ ఆయన తరఫున సిగ్గుపడను. చెమటోడ్చిన సొమ్ములో దోషం లేదు, పక్కవాడి చెమటను మరిచిపోతేనే దోషం. ఎంత సొమ్మునైనా కాలం కరిగిస్తుందంటారు. మా మామగారు ఆ పని కాలానికి వదలకుండా, బతికుండగానే తన చేతులతో పంచి, మిగిలింది నిశ్చింతగా అనుభవించి వెళ్ళారు.