కొల్లేటికోట షెడ్డులో రెండో ప్లగ్ పాయింట్

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఏం జరిగినా కారణం ఉంటుంది, వెతికేవాడికి ఓపికుండాలి అనేవాణ్ణి. ఆ ఓపిక కాస్తా కొల్లేటికోట దగ్గర ఒక చేపల చెరువు మీద అయిపోయింది.

నేను ఏలూరులో కూర్చుని, చెరువుల దగ్గర పెట్టిన లైనక్స్ సర్వర్లు చూసుకుంటాను. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది అవే. లాగిన్ కాగానే నేను కొట్టే మొదటి కమాండ్ అప్‌టైమ్. మెషీన్ ఆగకుండా ఎంతసేపటినుంచి నడుస్తోందో చెబుతుంది.

ఆ చెరువు కాపలాదారు ఏసుపాదం మధ్యాహ్నం అన్నం తిని, చెరువుగట్టు మీది షెడ్డులో ఉన్న ఒక్క పాయింట్‌లోంచి మా మెషీన్ ప్లగ్గు పీకేసి తన ఫోను చార్జింగ్ పెట్టుకునేవాడు. కూతురితో మాట్లాడాలి కదా. మెషీన్‌తోపాటు ఏరియేటర్లూ ఆగేవి. నేను ఫోన్‌లో కేకలేసేవాణ్ణి. ఇంకో ప్లగ్ పాయింట్ పెట్టించమని రైతుగారిని అడుగుతూనే ఉన్నానండీ అనేవాడు.

వానాకాలంలో జ్వరమొచ్చి ఏసుపాదం పోయాడు. చెరువు రైతు సత్యనారాయణగారు షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు.

అయినా మధ్యాహ్నమయ్యేసరికి మెషీన్ ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే లేచేది. మెషీన్ రాసుకునే లాగ్ చూస్తే కరెంటు పోయినట్టుంటుంది. ఊళ్లో కనుక్కుంటే కరెంటు పోనేలేదు. కేబుల్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, చివరికి మెషీనే మార్చాను. ఏడుపొక్కటే తక్కువ. అసలే మబ్బు రోజులు, ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఏరియేటర్లు ఆగితే చేపలన్నీ చచ్చి తేలతాయి. మీ మెషీన్ పట్టుకుపొండి అనేశారు సత్యనారాయణగారు.

ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి తాళం తీయించాను. ఇద్దరం మెషీన్ ఎదురుగానే కూర్చున్నాం. భోజనాలవేళ మా కళ్లముందే దాని లైట్లు ఆరిపోయాయి. ప్లగ్గు బిగుసుకునే ఉంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేకుకి ఏసుపాదం చార్జరు వేలాడుతోంది. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

సత్యనారాయణగారూ దాన్ని పట్టుకుని చూశారు.

"అడిగాడండీ పాపం. రేపు, రేపన్నాను" అన్నారు.

ఆ సాయంత్రమే ఆకివీడు నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించి, పక్కనే ఇంకో ప్లగ్ పాయింట్ పెట్టించారు.

ఆ తర్వాత మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను మార్చినవన్నీ దండగ. లోపమేమిటో తేల్చి రాయమని ఆఫీసులో ప్రాణం తీస్తున్నారు. ఏం రాయను? రోజూ అప్‌టైమ్ కొడతాను, పెరుగుతూనే ఉంటుంది. నాకు మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

కొత్త పాయింట్‌లో ఎవరూ ఏదీ పెట్టరు. దాని స్విచ్చి ఆపేసి, షెడ్డుకి తాళం వేసి వచ్చేవాళ్లం. మళ్లీ వెళ్లి తీసేసరికి స్విచ్చి వేసి ఉండేది. సత్యనారాయణగారు ఇప్పుడు దాన్ని ఆపడం మానేశారు.