కాళ్ళు లేని కెమెరా

మాకు తెలిసిన కెమెరాకి మూడు కాళ్ళుండేవి. పెళ్ళయిన కొత్తల్లో జగ్గయ్యపేట స్టూడియోలో ఫోటో తీయించుకున్నాం. నల్లగుడ్డ కింద తలపెట్టి స్టూడియో ఆయన "కదలొద్దు" అంటే ఊపిరి కూడా బిగబట్టాం. అందుకే పెనుగంచిప్రోలులో మా మిరప కల్లానికి గవర్నమెంటు జీపొచ్చి, అందులోంచి దిగినతను ఒక పెట్టెకి గడియారానికిచ్చినట్టు కీ ఇచ్చి, చేత్తో పట్టుకుని మా మధ్య తిరుగుతుంటే, ఇంకా మొదలెట్టలేదనే అనుకున్నాం. కెమెరా కాళ్ళు దించాక చీర మార్చుకుందామని నేను చూస్తున్నా. అతను పెట్టె కంటికానించుకుని కుప్పల చుట్టూ నడిచాడు, వంగాడు, జీపెక్కి పోయాడు.

"ఇదేంటయ్యా, తియ్యకుండానే పోయాడు?" అన్నా.

"నీ మొహం చూసి జడుసుకునుంటాడు," అని మా ఆయన నవ్వి, దగ్గాడు. కల్లంలో ఆ ఘాటుకి అందరం దగ్గుతాం.

వానాకాలంలో నందిగామ సినిమా హాలుకి పోయాం. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యన నడుమెత్తు గోడ. సినిమాకి ముందు గవర్నమెంటు బొమ్మ వేశారు.

"వదినా, మన కల్లం!" అంది పక్కింటామె.

తెరంతా ఊగుతోంది, మనమే నడుస్తున్నట్టు. నేను కనబడ్డా, చీర ఎగ్గట్టి ఎవరినో తిడుతూ. హాలంతా నవ్వు. సిగ్గుతో నేనూ నవ్వా.

బొమ్మ నన్ను దాటి కుప్ప వెనక్కి పోయింది. అక్కడ మా ఆయన. గొంతుక్కూర్చుని, తువ్వాలు నోటికడ్డం పెట్టి దగ్గుతున్నాడు. తీసి చూసుకున్నాడు. తెర మీద నల్లగా మరక. గబగబా లోపలికి మడిచి, నేను చూడలేదు కదా అని నా వీపు వంక చూశాడు. అంతే, ఇంకెవరిదో ఎడ్లబండి వచ్చేసింది.

ఆ తువ్వాళ్ళు ఉతికింది నేనే. ఆ ఎరుపు మిరపపండు రంగనుకుని బండకేసి బాదా.

లేచి గోడ మీదుగా అరిచా. "ఏమయ్యా! ఎన్నాళ్ళ నించి?"

"కూచోవమ్మా, తెర అడ్డం!" అన్నారు వెనక నించి.

"ఎన్నాళ్ళ నించయ్యా ఆ నెత్తురు?"

ఎవరూ నవ్వలా. చీకట్లోంచి ఆయన గొంతు చిన్నగా వినపడింది. "పోయిన దసరా నించి. కాయ అమ్మాక చెబుదామనుకున్నా."

కాయ అమ్మి అప్పటికి నాలుగు నెలలు.

అసలు సినిమా చూడలా. మర్నాడే బెజవాడ తీసుకుపోయా. డాక్టరు ఛాతీ చూసి, "క్షయ. నెత్తురు పడటం ఎప్పుడు చూశావమ్మా?" అనడిగాడు.

"నిన్న," అన్నా. "సినిమాలో."

పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, సూదులు రాశాడు. వాటితో మా ఆయన నాలుగేళ్ళు దక్కాడు.