మగ్గం ఆగిన ఉదయం

గద్వాలలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నాన్న గుంట మగ్గం. డిగ్రీ అయ్యాక ఆ చప్పుడు పక్కనే కూర్చుని ఇంటర్వ్యూలకు తయారయ్యాను. ఫోన్‌లో అడిగితే ఇలా, ఎదురుగా నలుగురు కూర్చుంటే అలా అని అద్దం ముందు జవాబులు వల్లించేదాన్ని.

హైదరాబాద్ కంపెనీ ఒకటి వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది. గది నిశ్శబ్దంగా ఉండాలన్నారు. పండుగనాడు తప్ప పని మానని నాన్న, ఆ ఉదయం తనే మగ్గం ఆపి గుంట గట్టు మీద కూర్చున్నాడు.

"నిమ్మళంగ మాట్లాడు బిడ్డా. నేను దగ్గు గూడ ఆపుకుంట" అన్నాడు.

తెర మీద మేడమ్ "మీ గురించి చెప్పండి" అన్నారు. రోజూ వల్లించిన జవాబే. కానీ ఆ నిశ్శబ్దంలో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. ఒక్క నిమిషమని అడిగి వెనక్కి తిరిగాను.

"నాయినా, జర మగ్గం నడుపు."

"చప్పుడైతది గద బిడ్డా."

"చప్పుడు లేకుంటె మాటలు వస్తలేవు."

నాన్న బిత్తరపోయి గుంటలోకి దిగాడు. టకటక మొదలయ్యాక నాకూ గొంతు పెగిలింది. అదేం చప్పుడని మేడమ్ అడిగితే, "మా నాన్న చీర నేస్తున్నారండీ" అన్నాను. ఆమె నవ్వి, "ఆపొద్దని చెప్పండి" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే, నాన్న మగ్గం ఆపి మాట్లాడతాడు. ఏ దిగులుతోనో నేను కాసేపు మాట్లాడకుండా ఉంటే మెల్లగా అడుగుతాడు.

"నడపాల్నా బిడ్డా?"